రివర్స్ గేరు

‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ మూడు సినిమాల్లో మొదటిదే సినిమా, మిగతా రెండూ దాని పేరు చెప్పుకుని డబ్బు చేసుకోవడానికి తీసినవి అని చాలా ఏళ్ళు వాదించాను. స్నేహితులతో వాదించాను, ఆఫీసులో వాదించాను, పెళ్ళయిన కొత్తలో మా ఆవిడతోనూ వాదించాను. రెండోదీ మూడోదీ సరిగ్గా చూడకుండానే వాదించాను. మొన్న దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని మూడూ వరసగా చూశాక, నేను తీసిపారేసిన ఆ రెండింట్లోనే నా కథ ఉందని తెలిసింది. అందులో కుర్రాడు మళ్ళీ మళ్ళీ చేసే తెలివితక్కువ పనే నేనూ చేశాను. దాని బరువు మా ఇంట్లోవాళ్ళు మోశారు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోని సంగతి అది.

మొదటి సినిమా 1985 జూలైలో అమెరికాలో విడుదలైంది. ఆ ఏడాది అక్కడ అన్నిటికన్నా ఎక్కువ వసూలు చేసిన సినిమా అదే. నేను చూసింది చాలా తర్వాత, హాస్టల్లో. అప్పట్లో చందాలు వేసుకుని టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చేవాళ్ళం. తెల్లారేసరికి తిరిగి ఇచ్చెయ్యాలి కాబట్టి ఒక్క రాత్రిలో ఎన్ని క్యాసెట్లు తిరిగితే అన్నీ చూసేవాళ్ళం. మొదటిది అయ్యేసరికి నాకు నిద్ర ఎగిరిపోయింది. రెండోది పెట్టేసరికి అర్ధరాత్రి దాటింది, క్యాసెట్టు నిండా గీతలు, కథ ముందుకీ వెనక్కీ పరిగెడుతోంది, సగంలో నిద్రపోయాను. ఆ సగం చూపుతోనే తీర్పు చెప్పేసి, దాన్నే పట్టుకుని కూర్చున్నాను.

మొదటి సినిమా మీద నాకున్న ఇష్టం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. దాని వెనక ఉన్న ఆలోచన గొప్పది. కథ రాసిన ఇద్దరిలో ఒకరైన బాబ్ గేల్ ఒకసారి సెయింట్ లూయిస్‌లో తల్లిదండ్రుల ఇంటికి వెళ్ళినప్పుడు, తండ్రి చదువుకున్న హైస్కూలు వార్షిక సంచిక చేతికి దొరికింది. తండ్రి తన క్లాసుకి అధ్యక్షుడిగా ఉండేవాడని అందులో చూసేదాకా అతనికి తెలియదు. నేనూ ఆయనా ఒకే బడిలో చదివి ఉంటే స్నేహితులం అయ్యేవాళ్ళమా అని అనిపించిందట. అక్కణ్ణుంచి పుట్టింది కథ. దర్శకుడు రాబర్ట్ జెమెకిస్, గేల్ కలిసి రాసిన ఆ స్క్రిప్టుని స్టూడియోలు నలభైకి పైగా సార్లు తిప్పి పంపాయి. ఇందులో ఘాటు చాలదని కొందరు, తల్లి తెలియక కొడుకు మీద మనసు పడటం ఏమిటని డిస్నీ వాళ్ళు కాదన్నారు.

ఆ రెండో అభ్యంతరం మా హాల్లోనూ వచ్చింది. 17 ఏళ్ళ మార్టీ మెక్‌ఫ్లై, డాక్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త డెలోరియన్ కారులో అమర్చిన కాలయంత్రం ఎక్కి 1955లో పడతాడు. అక్కడ తల్లి లొరైన్ కూడా పడుచుపిల్లే. కుర్రాడిని చూసి ముచ్చటపడుతుంది. మా అమ్మ పక్కనే కూర్చుని ఉంది. నాకు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. రిమోట్ తీసుకుని ముందుకి జరపబోయాను. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. అమ్మ మాత్రం ఏ తొణుకూ లేకుండా, “పాపం ఆ పిల్లకి తెలియదుగా వీడెవడో. ఉండనీ, ఎలా సరిచేస్తాడో చూద్దాం” అంది. చివరికి ఆ పిల్లే ముద్దు పెట్టబోయి, ఇదేమిటి తమ్ముణ్ణి ముద్దు పెట్టుకున్నట్టుందని వెనక్కి తగ్గుతుంది. “చూశావా!” అంది అమ్మ. స్టూడియోలు భయపడిన చోట మా అమ్మ భయపడలేదు. భయపడింది నేనే.

ఇక గడియారం గోపురం దగ్గర మా అబ్బాయి సోఫా మీద లేచి నిలబడ్డాడు. 1955 నవంబరు 12 రాత్రి 10 గంటల 4 నిమిషాలకి హిల్ వ్యాలీ కోర్టు భవనం గడియారం మీద పిడుగు పడుతుందని ముందే తెలుసు. యంత్రానికి కావలసిన 1.21 గిగావాట్ల విద్యుత్తు 1955లో మరెక్కడా దొరకదు కాబట్టి, ఆ పిడుగునే తీగలోంచి కారులోకి పంపాలి. కారు సరిగ్గా ఆ క్షణానికి గంటకి 88 మైళ్ళ వేగంతో, అంటే దాదాపు 142 కిలోమీటర్లతో ఆ తీగ కిందికి రావాలి. చెట్టుకొమ్మ విరిగిపడి తీగ ఊడిపోతుంది. డాక్ ఆ గోడ అంచు మీద జారుతూ, గడియారం ముల్లు పట్టుకుని వేళ్ళాడుతూ, రెండు కొసలూ కలపడానికి అవస్థ పడతాడు. డాక్ వేషం వేసిన క్రిస్టఫర్ లాయిడ్ ఆ అంచు మీద పడ్డ పాట్లు చూస్తూ మావాడు గోళ్ళు కొరుక్కున్నాడు. చివర్లో ఏమవుతుందో నాకు తెలుసు, అయినా నా గుండె కూడా దడదడలాడింది. ఎన్నిసార్లు చూసినా ఆ సన్నివేశం పని చేస్తుంది.

‘ఆదిత్య 369’ మాట ఎత్తింది కూడా అమ్మే. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ఆ సినిమా మా ఇంట్లో అందరికీ ఇష్టం. అందులో బాలకృష్ణ కాలయంత్రం ఎక్కి రాయలవారి కొలువుకి వెళ్తాడు, చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడిగా కనిపిస్తాడు, ఆ తర్వాత 2504కి వెళ్తారు. మనకి యంత్రం దొరికితే రాజుల్ని చూడాలనిపించింది. వాళ్ళకి నాన్న కుర్రాడిగా ఉన్న రోజులు చూడాలనిపించింది. రెండూ మంచి కోరికలే. నా మటుకు నాకు రెండోది ఎక్కువ కష్టమైన ప్రయాణం అనిపిస్తుంది.

మొదటి సినిమాలో మార్టీకి లేని ఒక అవలక్షణం రెండో సినిమాలో వస్తుంది. మొదటిదాంట్లో అతను నిజానికి జంకు మనిషి. తన పాటల టేపు ఎవరికైనా పంపమంటే, బాగాలేదంటారేమోనని వెనకాడతాడు. 1955లో తండ్రి జార్జ్ కూడా తను రాసిన కథలు ఎవరికీ చూపించడు, కారణం కూడా అదే చెబుతాడు. తండ్రీకొడుకుల్లో ఒకే భయం. అసలు రెండో భాగం తీయాలని వాళ్ళు ముందు అనుకోలేదు. మొదటిది అంత ఆడాక తీశారు. అప్పుడు మార్టీకి కొత్తగా ఒక పౌరుషం పెట్టారు: ఎవరైనా ‘పిరికివాడా’ అంటే చాలు, ఉన్న తెలివి పోతుంది. ఇలా తర్వాత అతికించిన గుణం నాకు గిట్టేది కాదు. నా వాదనలో అదొక పాయింటు కూడా.

1989 నవంబరులో వచ్చిన ఆ రెండో భాగంలో వాళ్ళు 2015 అక్టోబరు 21కి వెళ్తారు. ఎగిరే కార్లు, ఎగిరే బల్లలు చూసి పిల్లలు నవ్వుకున్నారు. ఇంట్లో ప్రతి మూలా ఫ్యాక్సు యంత్రం ఉండటం చూసి, “నాన్నా, ఆ కాగితాలు ఎందుకు బయటికి వస్తున్నాయి?” అని మావాడు అడిగాడు. ఫ్యాక్సంటే ఏమిటో చెప్పాను. ఆ కాగితాల మీద ఒకటే మాట: నిన్ను ఉద్యోగంలోంచి తీసేశాం. 47 ఏళ్ళ మార్టీకి నీడిల్స్ అనే తోటి ఉద్యోగి తెర మీద కనిపించి ఏదో దొంగ లావాదేవీకి రమ్మంటాడు. మార్టీ ఒప్పుకోడు. నీడిల్స్ పిరికివాడివా అంటాడు. అంతే, మార్టీ కార్డు తీసి గీకుతాడు. మరుక్షణం బాస్ తెర మీదికి వస్తాడు, ఉద్యోగం పోతుంది. ముసలి లొరైన్ మనవరాలితో చెబుతుంటే తెలుస్తుంది, ముప్ఫై ఏళ్ళ క్రితం కూడా ఇదే జరిగిందని. ఎవరో రెచ్చగొడితే కారు పందేనికి దిగి ఒక రోల్స్‌రాయిస్‌ని గుద్దాడు, చెయ్యి విరిగింది, గిటారు మానేశాడు, ఇక జీవితమంతా తన మీద తనే జాలిపడుతూ బతికాడు.

అక్కడ మా అమ్మాయి సినిమా ఆపేసింది. ఇంటర్ చదువుతోంది, ప్రతిదానికీ కారణం కావాలి. “నాన్నా, ఎవరో ఒక మాటంటే ఇతనికెందుకంత కోపం? అననీ. అంటే ఏం పోతుంది?”

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ నా వైపు చూసింది. అందులో కోపం లేదు. ఏం చెబుతానో విందామన్నట్టు చూసింది. నేను, “సినిమా కదమ్మా, అలా పెట్టారు” అన్నాను. అది అబద్ధం. నాకు ఆ కోపం ఎలా ఉంటుందో బాగా తెలుసు.

మా అమ్మాయి అప్పటికి చాలా చిన్నది, మావాడింకా పుట్టలేదు. మా తోడల్లుడుగారి గృహప్రవేశానికి వెళ్ళాం. మా ఆవిడకి అక్క భర్త ఆయన, నేను అన్నయ్యా అని పిలుస్తాను. హైదరాబాదు శివార్లలో రెండంతస్తుల ఇల్లు కట్టారు. భోజనాల దగ్గర బంతిలో కూర్చున్నాం. ఆయన వడ్డన చూస్తూ వచ్చి, నా విస్తరి ముందు ఆగి, పక్కవాళ్ళతో అన్నారు: “మా తమ్ముడికి నెయ్యి కొంచెం చూసి వెయ్యండి. జాగ్రత్త మనిషి. గుమ్మం దాటాలన్నా నాలుగుసార్లు ఆలోచిస్తాడు. ఇల్లూ పొలం వ్యవహారాలకి గుండె కావాలి, అది మనవాడికి లేదు.” అందరూ నవ్వారు. సరదాకే అన్నారు, పెళ్ళిళ్ళలో తోడల్లుళ్ళు ఒకరినొకరు ఆట పట్టించుకోవడం మామూలే. పక్కన మా మామగారు కూడా నవ్వారు. నాకు మాత్రం తలకొట్టేసినట్టయింది. ముద్ద గొంతు దిగలేదు.

నాకు ఎప్పట్నుంచో ఒక ఏజెంటు ఫోన్లు చేస్తుండేవాడు. కొత్త వెంచరు, రెండు వందల గజాల ప్లాట్లు, ఇవాళ టోకెన్ ఇస్తే ఈ రేటు, ఆదివారం నుంచి పెరుగుతుంది అని. అప్పటిదాకా వద్దంటూనే ఉన్నాను. గృహప్రవేశం నుంచి ఇంటికి వస్తూ దారిలోనే అతనికి ఫోన్ చేశాను. మా ఆవిడ వింది. ఇంటికి వచ్చాక నెమ్మదిగా అంది: “కొనొద్దని కాదు. లింకు డాక్యుమెంట్లు ఒక్కసారి ఎవరైనా లాయరుకి చూపిద్దాం. ఈసీ తీయిద్దాం. వారం ఆగితే మునిగిపోయేదేముంది?” దానికి నేనన్న మాట నాకు బాగా గుర్తుంది. నువ్వు కూడా నన్ను చేతకానివాడి కింద కడుతున్నావా అన్నాను. ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు.

పీఎఫ్‌లో తీయగలిగినంత తీశాను. చాలకపోతే మా ఆవిడ పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు కుదువపెట్టాను. రిజిస్ట్రేషన్ అయింది. కాగితం తెచ్చి మా తోడల్లుడుగారికి చూపించాను. ఆయన చూసి, “ఇంత తొందరెందుకు తమ్ముడూ, నన్నొకసారి అడగలేకపోయావా?” అన్నారు. ఆయన నిజంగా బాధపడి అన్న మాట అది. అసూయతో అన్నారనుకున్నాను.

రెండేళ్ళు గడవకుండానే రెవెన్యూ వాళ్ళు వచ్చి వెంచరు పక్కనున్న చెరువు హద్దులు కొలిచారు. మా ప్లాటు, దాని పక్క వరసలు మొత్తం శిఖం భూమిలో ఉన్నాయి. అంటే ఆ చెరువు నిండితే నీళ్ళు నిలిచే చోటు. ఇల్లు కట్టడానికి వీల్లేదు, అమ్మితే కొనేవాళ్ళు లేరు. వెంచరు వేసినవాళ్ళు ఆఫీసు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. హద్దు రాళ్ళు పాతుతుంటే వెళ్ళి చూశాను. మా ప్లాటు ఉండవలసిన చోట అప్పటికే తుంగ మొలిచింది. ఒక లాయరు ఆ పాత పహాణీలు, లింకు కాగితాలు చూసి, “ఇది మొదటే తేలిపోయేదండీ, అందులోనే రాసి ఉంది” అన్నాడు. మా ఆవిడ అడిగిన వారం రోజులు ఇచ్చి ఉంటే సరిపోయేది. గాజులు విడిపించలేక వేలానికి పోయాయి.

ఈ నష్టం ఒకెత్తు. ఆ తర్వాత నేను చేసింది ఇంకా తెలివితక్కువ పని. తప్పంతా మా తోడల్లుడుగారి మీద వేశాను. ఆయన ఆ మాట అనకపోతే నేను ఆ ప్లాటు కొనేవాణ్ణి కాదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. వాళ్ళింటికి వెళ్ళడం మానేశాను. వాళ్ళమ్మాయి పెళ్ళికి వెళ్ళి, అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా వచ్చేశాను. మన ఇళ్ళల్లో అది ఎంత పెద్ద అవమానమో అందరికీ తెలుసు. తెలిసే చేశాను. మా ఆవిడ అక్కగారు గుమ్మం దాకా వచ్చి, “ఒక్క స్వీటైనా తిని వెళ్ళండి” అంటే వినిపించుకోలేదు. అక్కాచెల్లెళ్ళు ఆ తర్వాత ఫోన్లోనే మాట్లాడుకున్నారు, అదీ నేను ఇంట్లో లేనప్పుడు. పిల్లలు ‘పెదనాన్న’ అన్న పిలుపు మర్చిపోయారు.

ఇన్నేళ్ళలో నేను అనుకున్నది ఒకటే. ఆ గృహప్రవేశం నాటి మధ్యాహ్నానికి తిరిగి వెళ్ళగలిగితే బాగుండునని. చదివిన పుస్తకాల్లో, చూసిన సినిమాల్లో కాలయంత్రం కనిపిస్తే చాలు, నేను వెళ్ళే చోటు అదే. అంతగా ఇష్టపడిన ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ మొదటి భాగం కూడా నాకు అందుకే అంత ముద్దు. అందులో తండ్రి బిఫ్ అనే రౌడీని ఒక్క దెబ్బ కొడితే ఆ ఇంటి బతుకే మారిపోతుంది. మార్టీ తిరిగొచ్చేసరికి జార్జ్ నిబ్బరమైన మనిషిగా, పుస్తకం అచ్చయిన రచయితగా కనిపిస్తాడు. వెనక్కి వెళ్ళి ఒక్కటి సరిచేస్తే అన్నీ సర్దుకుంటాయి. నాకు ఆ మాట వినడం ఇష్టం.

రెండో సినిమా అలా అనదు. మార్టీ చేతిలో యంత్రం ఉంది. 2015లో గ్రిఫ్ అనే రౌడీ కుర్రాడు పిరికివాడా అంటాడు, మార్టీ వెనక్కి తిరుగుతాడు. మళ్ళీ 1955కి వెళ్తాడు. బిఫ్ చేతికి చిక్కిన ఆటల ఫలితాల పుస్తకాన్ని తిరిగి దక్కించుకుంటాడు. ఇక పారిపోతే చాలు. డ్యాన్సు జరుగుతున్న బడి భవనం బయట బిఫ్ ఎదురై అదే మాటంటాడు. మార్టీ పుస్తకం సంగతి మర్చిపోయి వెనక్కి తిరుగుతాడు. సరిగ్గా అప్పుడే భవనం తలుపు ధబేలున తెరుచుకుని అతని ముఖానికి కొట్టుకుంటుంది. ఆ తలుపు తోసుకుని బయటికి వచ్చినవాడు ఎవరో కాదు, మొదటి సినిమాలో గిటారు వాయించి, తల్లిదండ్రుల్ని కలిపి, సంతోషంగా ఇంటికి పరిగెడుతున్న మార్టీయే. ఒక మార్టీ తెరిచిన తలుపు దెబ్బకి ఇంకో మార్టీ పడిపోతాడు. పుస్తకం మళ్ళీ బిఫ్ చేతికి పోతుంది.

హాస్టల్లో నేను నిద్రపోయింది దీనికి ముందే. ఇప్పుడు మా హాల్లో ఆ సన్నివేశం చూస్తూ ఒళ్ళు చల్లబడి కూర్చున్నాను. ఏ కాలానికి వెళ్ళినా మార్టీ అదే మార్టీ. నాకు ఎవరైనా ఆ కారు ఇచ్చి, ఆ గృహప్రవేశం రోజున దింపితే ఏమవుతుంది? విస్తరి ముందు కూర్చునేది నేనే కదా. ఆయన అదే మాటంటారు, అందరూ నవ్వుతారు, నేను మళ్ళీ ఆ ఏజెంటుకే ఫోన్ చేస్తాను. ప్లాటు వేరేది కావచ్చు, అంతే తేడా. ఇన్నేళ్ళు నేను కోరుకున్న యంత్రం నాకు ఎందుకూ పనికిరాదు.

మూడోది మర్నాడు చూశాం. 1990 మేలో వచ్చింది. రెండూ మూడూ వెంటవెంటనే చిత్రీకరించారు. ఇది 1885 నాటి కథ. గుర్రాలు, రైలింజను, దుమ్ము. అమ్మకి మూడింట్లో ఇదే నచ్చింది, ఇంజను కారుని తోసుకుంటూ వెళ్ళే చోట కదలకుండా చూసింది. అందులో మార్టీ ముత్తాత తండ్రి షేమస్ మెక్‌ఫ్లై అనే రైతు ఉన్నాడు. ఆ వేషమూ మార్టీగా చేసిన మైకేల్ జె. ఫాక్సే వేశాడు. బ్యూఫర్డ్ టానెన్ అనే రౌడీ నలుగురిలో పిరికివాడంటే, మార్టీ పిస్తోళ్ళ ద్వంద్వయుద్ధానికి ఒప్పేసుకుంటాడు. షేమస్ కోప్పడడు. తనకి మార్టిన్ అని ఒక తమ్ముడు ఉండేవాడని చెబుతాడు. వాడికి ఎవరు రెచ్చగొట్టినా చాలు, తనని పిరికివాడనుకుంటారని కొట్లాటకి దిగేవాడు. వర్జీనియా సిటీలో ఒక సారాయి దుకాణంలో కత్తి పోటుకి చచ్చిపోయాడు. పాపం మార్టిన్ రేపటి గురించి ఎప్పుడూ ఆలోచించలేదని అంటాడు షేమస్. అంతే చెప్పి ఊరుకుంటాడు.

మా ఇంట్లో ఆ షేమస్‌లా నెమ్మదిగా చెప్పింది మా ఆవిడ. లింకు డాక్యుమెంట్లు చూపిద్దామని.

ద్వంద్వయుద్ధం రోజు, సోమవారం పొద్దున ఎనిమిదింటికి టానెన్ సారాయి దుకాణం బయట నిలబడి మార్టీని పిలుస్తాడు. దుకాణంలో ముసలివాళ్ళు, నువ్వు వెళ్ళకపోతే ఈ పడమటి దేశంలో పిరికివాడంటే నువ్వేనని అందరూ చెప్పుకుంటారు అంటారు. మార్టీ ఒక్క క్షణం ఆలోచించి, ఎవరేమనుకుంటే నాకేం అంటాడు. ఆ తర్వాత వెళ్ళక తప్పదు, డాక్‌ని పట్టుకున్నారు కాబట్టి. కానీ ఆ వెళ్ళడం వేరు. బట్టల కింద పొయ్యి తలుపు కట్టుకుని వెళ్తాడు. స్నేహితుడి కోసం వెళ్తాడు, మాట కోసం కాదు.

చివర్లో మార్టీ 1985కి తిరిగి వస్తాడు. పట్టాల మీద ఎదురుగా వచ్చిన రైలు కాలయంత్రాన్ని ముక్కలు ముక్కలు చేస్తుంది. ఇక యంత్రం లేదు. అప్పుడు సిగ్నల్ దగ్గర నీడిల్స్ పక్కన బండి ఆపి పందెమంటాడు. పిరికివాడివా అంటాడు. ఈ నీడిల్స్ వేషం వేసింది రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ బృందంలో బాస్ గిటారు వాయించే ఫ్లీ. మార్టీ చెయ్యి గేరు రాడ్ మీద ఉంటుంది. ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. నీడిల్స్ దూసుకుపోతాడు. మార్టీ రివర్స్ గేరు వేసి వెనక్కి వెళ్తాడు. ముందు మలుపులో ఒక రోల్స్‌రాయిస్ వస్తుంది, నీడిల్స్ దాన్ని వెంట్రుకవాసిలో తప్పించుకుంటాడు. మార్టీ ప్రియురాలు జెన్నిఫర్ 2015 నుంచి తెచ్చుకున్న ఫ్యాక్సు కాగితం మీద అక్షరాలు చెరిగిపోతాయి.

మూడు సినిమాల్లో అంత దూరం తిరిగి, అన్ని పిడుగులూ ఇంజన్లూ వాడి, మార్టీ తన బతుకుని సరిచేసుకున్నది ఏ యంత్రమూ లేకుండా, ఒక సిగ్నల్ దగ్గర. నాకు ఇప్పుడనిపిస్తోంది, ఆ పౌరుషం రెండో భాగంలో అతికించింది కాదు, దానికోసమే రెండూ మూడూ రాశారు. మొదటి సినిమా తండ్రికి ధైర్యం నేర్పిన కథ. తర్వాత రెండూ కొడుక్కి ఏది ధైర్యం కాదో నేర్పిన కథ. మూడూ కలిస్తేనే ఒక కథ. ఇది నా తీర్పు, పాత తీర్పుని రద్దు చేసి చెబుతున్నాను.

ధైర్యం మాట వచ్చింది కాబట్టి మైకేల్ జె. ఫాక్స్ గురించి కూడా చెప్పాలి. మొదటి సినిమాని ముందు ఎరిక్ స్టోల్జ్‌తో కొన్ని వారాలు తీసి, నప్పలేదని మార్చి, ఇతన్ని పెట్టుకున్నారు. పగలు టీవీ సీరియల్, రాత్రి ఈ సినిమా చేశాడు. మూడో భాగం వచ్చిన మరుసటి ఏడాది, 1991లో, 29 ఏళ్ళ వయసులో అతనికి పార్కిన్సన్స్ జబ్బని తేలింది. 1998లో లోకానికి చెప్పాడు. 2000లో ఆ జబ్బు మీద పరిశోధన కోసం ఫౌండేషన్ పెట్టాడు. సినిమా అయ్యాక ఇదంతా పిల్లలకి చెబితే మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “స్కేట్‌బోర్డు మీద పరిగెత్తింది ఇతనేనా?” అంది. అవును, ఇతనే.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆవిడతో, నువ్వు అడిగిన వారం రోజులు నేను ఆగి ఉండవలసింది అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట నా నోటివెంట రావడం అదే మొదలు. ఆవిడ, “గాజుల గురించి నేనెప్పుడూ బాధపడలేదండీ. అక్క ఇంటికి వెళ్ళడం లేదనే” అంది. పొద్దున్నే మా అమ్మాయిని పిలిచి, తన ప్రశ్నకి నేను అబద్ధం చెప్పానని చెప్పి, ప్లాటు సంగతి మొదటి నుంచి చివరిదాకా వివరించాను. తను అడ్డు రాకుండా విని, “పెదనాన్నకి ఫోన్ చేశావా?” అంది.

చేశాను. ఆయనకి ఇప్పుడు వినికిడి తగ్గింది. రెండుసార్లు చెప్పవలసి వచ్చింది, అందువల్ల క్షమించమన్న మాట రెండుసార్లు గట్టిగా అన్నాను. ఆయన, “అదంతా ఎప్పటిదో తమ్ముడూ. సంక్రాంతికి రండి, పిల్లల్ని చూసి ఎన్నాళ్ళయిందో” అన్నారు. వెళ్తున్నాం.

ఇంట్లో ఈ సినిమాలు చూడాలనుకునేవాళ్ళకి నా మనవి. మొదటిదానితో ఆపెయ్యకండి. మూడూ ఒకే వారంలో, వరస తప్పకుండా చూడండి. రెండోది తికమకగా ఉంటుంది, ఓపిక పట్టండి. పిల్లలు మధ్యలో ఆపి ఏదైనా అడిగితే సినిమా కదా అని తప్పించుకోకుండా, మీకు తెలిసిన నిజమైన జవాబు చెప్పండి.